ముఖ్యమంత్రినే ఓడించిన వాంకూవర్-పాయింట్ గ్రే: నియోజకవర్గం మారిందా, మనిషి నచ్చలేదా?

పడమటి గాలి:
కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాజకీయాలు చూసేవాళ్లకు ఒక ప్రశ్న. 2013 మే ఎన్నికల్లో ప్రీమియర్ (మన లెక్కన ముఖ్యమంత్రి) క్రిస్టీ క్లార్క్ నడిపిన బీసీ లిబరల్ పార్టీ 85 సీట్లలో 49 గెలిచింది. వామపక్షం వైపున్న ఎన్‌డీపీ (న్యూ డెమోక్రటిక్ పార్టీ)దే అధికారమన్న సర్వేలన్నీ బోల్తా కొట్టాయి. అంత గెలుపులోనూ ఆవిడ మాత్రం సొంత సీటు వాంకూవర్-పాయింట్ గ్రేలో ఎన్‌డీపీ అభ్యర్థి డేవిడ్ ఈబీ చేతిలో వెయ్యి ఓట్ల చిల్లర తేడాతో ఓడిపోయారు. అదే సీట్లో అంతకుముందు ప్రీమియర్ గోర్డన్ క్యాంప్‌బెల్ 1996, 2001, 2005, 2009లలో వరసగా గెలిచారు.

నా వాదన ఇదీ. పాయింట్ గ్రే లిబరల్ కంచుకోట. జనం మారడం వల్లే అది కూలింది. యూనివర్సిటీ (యూబీసీ, అంటే యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియా) కుర్రకారు, అద్దె ఇళ్లవాళ్లు, ఈ సీటులోని సముద్రపు ఒడ్డు పేట కిట్సిలానోలో పర్యావరణం పట్టింపున్న జనం పెరిగారు. క్లార్క్ బదులు ఎవరు నిలబడ్డా 2013లో కాకపోతే 2017లో ఓడేవాళ్లే. కాదనేవాళ్లు చెప్పండి.

యూబీసీ పిల్ల:
కుర్రకారు పెరిగారన్న మాట అందరూ అంటారు గానీ, ఓటు ఎవరికుందో చూడండి. కెనడా పౌరసత్వం ఉండాలి, 18 నిండాలి, ఆర్నెల్లు ఈ రాష్ట్రంలో ఉండి ఉండాలి. మనలా స్టడీ పర్మిట్ మీద వచ్చినవాళ్లు క్యాంపస్‌లో ఎంతమంది ఉన్నా బ్యాలెట్ పెట్టె దాకా రాలేరు. పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చినా రాలేరు.

లెక్కల మాస్టారు:
పడమటి గాలి గారూ, కంచుకోట అన్న మాట దగ్గరే నాకు పేచీ. మీరు 1996 నుంచి లెక్క మొదలుపెట్టారు కాబట్టి అలా కనపడుతోంది. కొంచెం వెనక్కి వెళ్దాం.

1991 దాకా ఇది ఒకే ఎమ్మెల్యే ఉన్న సీటు కాదు. మొదట్లో ముగ్గురు, 1966 నుంచి ఇద్దరు. 1986లో ఇదే జనం ఆ రెండు సీట్లలో ఒకటి ఎన్‌డీపీ అభ్యర్థి డార్లీన్ మర్జారీకి, రెండోది కుడిపక్షం వైపున్న సోషల్ క్రెడిట్ పార్టీ అభ్యర్థి కిమ్ క్యాంప్‌బెల్‌కి ఇచ్చారు. అవును, 1993లో దేశ ప్రధాని అయిన కిమ్ క్యాంప్‌బెలే. ఒకే పోలింగ్, ఒకే జనం, చెరో కొసనున్న పార్టీలు. ఆవిడ 1988లో ఫెడరల్ రాజకీయాల్లోకి వెళ్లిపోతే, 1989 ఉపఎన్నికలో ఎన్‌డీపీ అభ్యర్థి టామ్ పెర్రీ గెలిచారు. అంటే రెండు సీట్లూ ఎన్‌డీపీవే. 1991లో ఒక్క సీటుగా మారాక కూడా మర్జారీయే. 2013లో ఎన్‌డీపీ కొత్తగా కోట బద్దలు కొట్టిందేమీ లేదు. పదిహేడేళ్ల కిందట పోయిన సీటు తిరిగి తెచ్చుకుంది.

ఇంకా వెనక్కి వెళ్తే మనవాళ్లకు బాగా నచ్చే గోడదూకుడు కథలున్నాయి. యూబీసీలో మెదడు శాస్త్రవేత్త పాట్ మెక్‌గీర్ 1962 నుంచి ఇక్కడి ఎమ్మెల్యే. ప్రాంతీయ లిబరల్ పార్టీకి నాయకుడిగా కూడా చేశారు. 1975లో ఆయనా, ఈ సీటులోనే రెండో ఎమ్మెల్యే గార్డ్ గార్డమ్, లిబరల్ పార్టీ వదిలి సోషల్ క్రెడిట్‌లో చేరారు. జనం ఏం చేశారు? ఆ ఏడాది డిసెంబరులో ఇద్దర్నీ కొత్త జెండా మీదే గెలిపించారు.

ఇక 1952. టిలీ రోల్‌స్టన్ అంతకుముందు కన్జర్వేటివ్‌గా గెలుస్తూ వచ్చి, సోషల్ క్రెడిట్‌కి మారి గెలిచి, విద్యాశాఖ మంత్రి అయ్యారు. ఆవిడ పేరు మీదే పిలిచిన పాఠశాలల నిధుల సూత్రం దగ్గర 1953లో ప్రభుత్వం పడిపోయి మళ్లీ ఎన్నికలొచ్చాయి. పార్టీకి ఈసారి పూర్తి మెజారిటీ వచ్చింది. ఆవిడ మాత్రం పాయింట్ గ్రేలో ఓడిపోయారు. పార్టీ గెలిచి, దాని ముఖ్యులు ఇక్కడ ఓడడం 2013లో మొదలైన వింత కాదన్నమాట. ఇక్కడి జనం పార్టీ మీద కన్నా మనిషి మీదే ఎక్కువ నిలబడతారు. మనిషి నచ్చకపోతే రాష్ట్రమంతా ఎటు వెళ్తోందని కూడా చూడరు.

సిద్ధిపేట చిన్నోడు:
గింత దూరం ఎందుకన్నా, ముఖ్యమంత్రి సీట్ల ఉండంగనే ఎన్టీఆర్ 1989ల కల్వకుర్తిల ఓడిపోలేదా? హిందూపురంల గెలిచిండు కాబట్టి అసెంబ్లీకి పోయిండు. ఈమె కూడా రెండు జాగల్ల నిలబడాల్సింది.

కిట్స్ బాబాయ్:
తమ్ముడూ, ఇక్కడ ఒకే ఎన్నికలో రెండు చోట్ల నిలబడనివ్వరు. పైగా 1989లో ఎన్టీఆర్ పార్టీ కూడా ఓడింది, కాబట్టి ఆ పోలిక సగమే. 2021లో మమతా బెనర్జీ నందిగ్రామ్‌లో 1,956 ఓట్లతో ఓడి, పార్టీ మాత్రం గెలిచి, భవానీపూర్ ఉపఎన్నికతో సభకు వచ్చారు చూడు, అది దగ్గరి పోలిక. క్లార్క్ కూడా అంతే. వెస్ట్‌సైడ్-కెలోనాలో గెలిచిన సొంత పార్టీ ఎమ్మెల్యేతో రాజీనామా చేయించి, రెండు నెలల్లో అక్కడ సునాయాసంగా గెలిచారు.

మాస్టారు చెప్పింది చాలావరకు నిజమే గానీ, 2010ని వదిలేశారు. ఆ జులైలో గోర్డన్ క్యాంప్‌బెల్ ప్రభుత్వం హెచ్‌ఎస్‌టీ (కేంద్ర, రాష్ట్ర అమ్మకం పన్నులు కలిపిన ఒకే పన్ను) తెచ్చింది. అంతకుముందు రాష్ట్ర అమ్మకం పన్ను లేని హోటల్ భోజనం మీద కూడా బరువు పడింది. 2009 ఎన్నికల ముందు ఒక మాట, తర్వాత ఒక మాట అని జనం మండిపడ్డారు. నవంబరు కల్లా ఆయన రాజీనామా ప్రకటించారు. 2011లో రెఫరెండం పెట్టి ఆ పన్నును జనమే తీసేయించారు. క్లార్క్‌కి దక్కిన సీటు అలాంటిది. 2011 మే ఉపఎన్నికలో కొత్త ప్రీమియర్ హోదాలో నిలబడి కూడా ఇదే ఈబీ మీద 564 ఓట్లతో గట్టెక్కారు. అప్పుడే సీటు మార్చుకుని ఉండాల్సింది. ఆవిడ మునుపు గెలిచిందంతా పోర్ట్ మూడీ వైపు, ఇక్కడ ఆవిడకు పాత పునాది అంటూ లేదు.

2013 ప్రచారం గుర్తు చేసుకోండి. బస్సు మీద 'అప్పుల్లేని బీసీ' నినాదం, నోరు తెరిస్తే ఎల్‌ఎన్‌జీ (ద్రవరూప సహజ వాయువు). ఉత్తరాన, లోపలి ఊళ్లలో అది పనిచేసింది. సముద్రపు ఒడ్డున కూర్చుని ట్యాంకర్లను లెక్కపెట్టే కిట్సిలానోలో గ్యాస్ కబుర్లు ఎవరికి కావాలి? రాష్ట్రం గెలవడానికి పట్టుకున్న మాటే సొంత సీటును పోగొట్టింది. నా దృష్టిలో ఇది మనిషి తప్పూ కాదు, జనాభా మార్పూ కాదు, ప్రచారం ఎవరి కోసం రాశారన్న దాని ఫలితం.

పడమటి గాలి:
బాబాయ్ గారూ, అయితే ఈబీ 2017లో, 2020లో, 2024లో కూడా ఎందుకు గెలిచారు? అన్నిసార్లూ ఎల్‌ఎన్‌జీ లేదు కదా. జనం మారారు కాబట్టే.

లెక్కల మాస్టారు:
గోర్డన్ క్యాంప్‌బెల్ నాలుగు సార్వత్రిక ఎన్నికలు వరసగా, ఈబీ నాలుగు వరసగా. మెక్‌గీర్ 1986 దాకా కదల్లేదు. మనిషి కుదిరితే పార్టీ ఏదైనా ఉంచుకుంటారు అనే నేను మొదటి నుంచీ చెప్తున్నది. మీ జనాభా లెక్క నిజమైతే 1986, 1989 ఫలితాలు ఎలా వచ్చాయో ముందు చెప్పండి.

యూబీసీ పిల్ల:
ఎవరూ అనడం లేదు కాబట్టి నేను అంటాను. యూబీసీ క్యాంపస్, దాన్ని ఆనుకున్న ఎండోమెంట్ ల్యాండ్స్ అసలు వాంకూవర్ నగరంలో లేవు. అక్కడివాళ్లు మేయర్‌కి ఓటెయ్యలేరు. ఎండోమెంట్ ల్యాండ్స్‌లో రోడ్డు, నీళ్లు లాంటివి చూసేది నేరుగా రాష్ట్ర ప్రభుత్వమే. గోడు చెప్పుకోవడానికి కౌన్సిలర్ లేనివాళ్లకు ఎమ్మెల్యేయే సర్పంచ్ లాంటివాడు. రాష్ట్రమంతా తిరుగుతూ బస్సు దిగని ప్రీమియర్ కన్నా, అంతకుముందు పేదల తరఫున వాదించిన లాయర్, పౌరహక్కుల సంఘంలో పనిచేసిన మనిషి ఇలాంటివాళ్లకు దగ్గరగా అనిపించడంలో వింతేముంది?

సిద్ధిపేట చిన్నోడు:
మరి గా ఈబీ కూడా 2022ల ప్రీమియర్ అయిండు కదా అక్కా. ఇప్పుడు ఆయన బస్సు దిగుతున్నడా?

యూబీసీ పిల్ల:
2024లో మళ్లీ గెలిపించారు. కానీ ఆ ఎన్నికలకు రెండు నెలల ముందే పాత లిబరల్ పార్టీ, అప్పటికి బీసీ యునైటెడ్ అని పేరు మార్చుకుంది, ప్రచారం ఆపేసింది. అవతలి పక్క మిగిలింది కన్జర్వేటివ్‌లు. రాష్ట్రంలో 47కి 44 దాకా వచ్చారు గానీ ఇక్కడి పాత లిబరల్ ఓటరుకు వాళ్లు మింగుడుపడలేదు. కాబట్టి ఆ గెలుపును బస్సు దిగినందుకు వేసిన మార్కులుగా నేను లెక్కెయ్యను.

కిట్స్ బాబాయ్:
ఇది ఒప్పుకుంటా. మాస్టారూ, మీ మనిషి సిద్ధాంతానికి కూడా ఇది దెబ్బే, చూసుకోండి. ఈబీ తర్వాత ఎన్‌డీపీ తరఫున ఊరూ పేరూ లేనివాణ్ణి నిలబెట్టి, అవతల గోర్డన్ క్యాంప్‌బెల్ లాంటి వాంకూవర్ మాజీ మేయర్ నిలబడితే తప్ప మన ముగ్గురిలో ఎవరిది రైటో తేలదు.

లెక్కల మాస్టారు:
అలాంటి పోటీ 1996లో జరిగింది. మర్జారీ తప్పుకున్నారు, మాజీ మేయర్ క్యాంప్‌బెల్ దిగారు, సీటు ఆయనకు వెళ్లింది. ఆ ఏడు రాష్ట్రంలో గెలిచింది ఎన్‌డీపీ.