చలికాలపు చిన్న ఊరి డిటెక్టివ్ నవల: నాకు నచ్చింది కథా, మంచా?

రాత్రిచదువరి అడిగిన ప్రశ్న:

నిన్న రాత్రి ఒక డిటెక్టివ్ నవల ముగించాను. రెండు వేల గడప కూడా లేని ఊరు, మూడు రోజులుగా విడతలు విడతలుగా కురుస్తున్న మంచు, మూసుకుపోయిన కొండదారి, గ్రంథాలయం వెనక పెరట్లో ఒక రిటైరైన ఉపాధ్యాయుని శవం. ముప్పాతిక భాగం పుస్తకం కింద పెట్టకుండా చదివాను. సాక్షులు పొయ్యి దగ్గరకు కుర్చీ జరుపుకుని నింపాదిగా మాట్లాడడం, కిటికీ అద్దానికి పట్టిన ఆవిరిని ఇన్‌స్పెక్టరు చేతితో తుడిచి వీధిలోకి చూడడం, మధ్యాహ్నం మూడున్నరకే దీపాలు వెలగడం, ఇవన్నీ నాకు ఎంతో హాయినిచ్చాయి. తీరా హంతకుడెవరో తెలిశాక మాత్రం, రచయిత ఆ పేరును సంచిలోంచి తీసి చూపించినట్లే ఉంది తప్ప నమ్మబుద్ధి కాలేదు. ఇదే కథ మండువేసవిలో జరిగి ఉంటే యాభయ్యో పేజీ దగ్గరే పక్కన పడేసేవాడినేమో. ఇటువంటి నవలల్ని ఇష్టపడేవారు వీటిని ఎలా చదువుతారో చెప్పగలరా?

అట్టవెనక ఇచ్చిన జవాబు:

మండువేసవికి మార్చి చూడాలన్న మీ ఆలోచన మంచి పరీక్షే. ఈ కోవలో గట్టి నవల అయితే దాన్ని వేసవికి మార్చడం సాధ్యం కాదు, ఎందుకంటే అందులో మంచు అలంకారం కాదు, సాక్షి. అది ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, మళ్లీ ఎప్పుడు కురిసింది అన్నవి తెలిస్తే ఎవరి అడుగుజాడ ఏ గంటది అన్నది తేలిపోతుంది. ఒక కారు కింద నేల పొడిగా ఉందంటే అది మంచు మొదలవక ముందు నుంచీ అక్కడే ఉన్నట్లు; పక్క కార్ల మీద జానెడు మంచు ఉండగా దాని మీద మాత్రం పలుచగా ఉందంటే రాత్రి దాన్ని ఎవరో బయటికి తీసినట్లు. రచయితలు ఇలాంటి వాక్యాలను వర్ణనలో కలిపేసి దాటిస్తారు, మనం హాయిగా చదువుకుంటూ పోతాం.

మన భాషలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆకాశం నుంచి కురిసేదీ మంచే, తెల్లవారి గడ్డి మీద మెరిసేదీ మంచే, దారి కనబడకుండా కమ్మేదీ మంచే, చెరువు మీద గట్టిపడ్డదీ చాలామందికి మంచే. కథలో మాత్రం వీటిలో ఒకటి అడుగుజాడను నిలబెడుతుంది, ఒకటి చెరిపేస్తుంది, ఒకటి సాక్షి చూపును ఆపుతుంది. అనువాదంలో చదివేటప్పుడు అది ఏ మంచో ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాను. మీ నవలలో మంచు ఏ వేళ ఆగిందో ఎక్కడైనా చెప్పారా?

నిదానమే ప్రధానం ఇచ్చిన జవాబు:

పై జవాబుకు చిన్న చేర్పు. చలి చేసే మరో పని మరణ సమయాన్ని గందరగోళం చేయడం. మామూలు గది వాతావరణంలో శవం గంటకు సుమారు 1 డిగ్రీ సెల్సియస్ చొప్పున చల్లబడుతుందన్నది ఒక స్థూలమైన లెక్క, గడ్డకట్టే చలిలో ఆరుబయట ఆ లెక్క పనికిరాదు. శవం బిగుసుకోవడం, కుళ్లడం కూడా చలిలో బాగా ఆలస్యమవుతాయి. అందుకే డాక్టరు పాత్ర "తొమ్మిదికీ పదికీ మధ్య" అని తడుముకోకుండా చెబితే నేను ఆ డాక్టరునే అనుమానిస్తాను. రచయిత బద్ధకం కావడానికీ అవకాశం లేకపోలేదు.

మూడో అనుమానితుడు ఇచ్చిన జవాబు:

మంచు సంగతి ఒప్పుకుంటాను గానీ, నా మట్టుకు ఈ నవలలకు ప్రాణం ఊరే. ఐస్‌లాండ్ రచయిత రాగ్నర్ యోనాసన్ 2010లో వెలువరించిన 'స్నోబ్లైండ్' నవలను చూడండి. అది జరిగే సిగ్లుఫ్యోర్దూర్ ఆ దేశపు ఉత్తర కొసన నిజంగా ఉన్న ఊరు. చుట్టూ నిటారు కొండలు కావడంతో నవంబరు మధ్య నుంచి జనవరి చివరి దాకా అక్కడి వీధుల్లో ఎండ పడదు, చలికాలంలో రోడ్డు దారి అంతా సొరంగాల మీదే ఆధారపడుతుంది. అదే రచయిత అగాథా క్రిస్టీ నవలలు 14 తన భాషలోకి అనువదించారు. బయటివారు రాలేని చోట లోపలివారిని ఒకరి మీదకు ఒకరిని ఎలా ఉసిగొల్పాలో ఆయన అక్కడ నేర్చుకున్నారని నా ఊహ.

నగరంలో డిటెక్టివు ఎవరికీ తెలియని సంగతిని వెతుకుతాడు. చిన్న ఊళ్లో అందరికీ తెలిసినా ఎవరూ నోరు విప్పని సంగతిని వెతకాలి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే అక్కడ ఊరంతా భుజాలు తడుముకుంటుంది, ఒకరికి పాత అప్పు, ఒకరికి దాచిన పెళ్లి, ఒకరికి పొలం గట్టు తగాదా. హత్యతో సంబంధం లేని ఆ భుజాలను ఒక్కొక్కటిగా పక్కకు తప్పించడంలోనే నాకు ఆనందం. అందుచేత హంతకుడి పేరు చప్పగా అనిపించినా పుస్తకం చెడిపోయినట్లు నేను లెక్కపెట్టను. రాత్రిచదువరి గారు, మీరు ఆ చివరి నలభై పేజీలకు మరీ ఎక్కువ మార్కులు కేటాయించారేమో.

రాత్రిచదువరి మళ్లీ రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. అట్టవెనక గారి ప్రశ్న చూశాక నాలుగో అధ్యాయం మళ్లీ తెరిచాను. మంచు ఆగిన వేళ ఎక్కడా నేరుగా చెప్పలేదు గానీ, రొట్టెల దుకాణం ఆవిడ "పొద్దున్న మెట్లు రెండుసార్లు ఊడ్చాను, నడుం పడిపోయింది" అని విసుక్కుంటుంది. మొదటిసారి చదివినప్పుడు ఆ మాటకు నవ్వుకుని ముందుకు పోయాను. రెండుసార్లు ఊడ్చిందంటే మధ్యలో ఆగి మళ్లీ కురిసిందన్న మాట, పెరట్లో సగం పూడిన అడుగులు ఆ రెండు విడతల నడుమ పడ్డవే, ఆ వేళ ఇంట్లో నిద్రపోతున్నానని చెప్పిన మనిషి ఒక్కడే. పేరు సంచిలోంచి తీశారన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, అది మొదటి నుంచీ మెట్ల మీదే ఉంది.

అయినా ఆ మనిషి పన్నెండు పేజీల పాటు తనంతట తానే నేరం ఒప్పుకోవడాన్ని మాత్రం ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.