వికేంద్రీకరణ అనాలా, వల అంటే చాలదా?

అందరికీ శ్రీకాకుళం నుంచి నమస్కారం. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయికి ‘డీసెంట్రలైజ్డ్ వెబ్’ (ఏ ఒక్కరి చేతిలోనూ లేని వెబ్) మీద తెలుగులో ఐదు నిమిషాలు మాట్లాడే పని పడింది. ‘వికేంద్రీకృత అంతర్జాలం’ అని పేరు పెట్టి ఇంట్లో చదివి వినిపించింది. వంటింట్లోంచి మా అమ్మ, ‘మళ్లీ రాజధాని గొడవేటే?’ అంది. ఆవిడ తప్పేం లేదు. 2020లో పాలనా వికేంద్రీకరణ చట్టం వచ్చింది, మరుసటి ఏడాది వెనక్కి తీసుకున్నారు. అయినా మన రాష్ట్రంలో ఆ మాట వింటే ఇప్పటికీ ఇంకో అర్థం తోచదు.

విడదీసి చూస్తే వి, కేంద్రం, కరణ. కేంద్రంగా ఉన్నదాన్ని అలా లేకుండా చేయడం. అంటే ఈ మాటతో పని పడాలంటే ముందు ఒక కేంద్రం ఏర్పడి ఉండాలి. మరి వెబ్‌కి మొదట్లో కేంద్రం ఉందా? 1989లో సెర్న్ అనే యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో, వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ రాసిన ప్రతిపాదనలోనే, ఎవరి అదుపూ అక్కర్లేకుండా వేర్వేరు వ్యవస్థలు ఒకదానితో ఒకటి కలవగలగాలన్న షరతు ఉంది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ వెబ్‌ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. ఆ రోజుల్లో పేజీలు కదలనివి. గోడ మీద రాతలాగా, రాసినవాళ్లు మారిస్తే తప్ప మారవు. చదివేవాళ్లకి రాయడానికి చోటు లేదు. కానీ ఎవరి గోడ వాళ్లది.

2004 ప్రాంతంలో ‘వెబ్ 2.0’ అన్న మాట వ్యాపించింది. అందరం రాయడం మొదలుపెట్టాం, గోడలు మాత్రం కొద్ది కంపెనీల చేతిలోకి పోయాయి. గెడ్డ, బుగత, కంబారి లాంటి మన ఉత్తరాంధ్ర మాటలు ఆరేళ్ల పాటు అలాంటి ఒక కంపెనీ సైటులో పోగేశాను. ఒక రోజు పొద్దున్నే చూస్తే ఖాతా లేదు. ఎందుకు తీసేశారని అడుగుదామంటే పలికే మనిషి లేడు. పెద్దవాళ్ల నోట విని రాసుకున్న మాటలవి. వాళ్లలో కొందరు ఇప్పుడు లేరు.

ఇక అసలు సంగతి. ఇంగ్లీషులో వెబ్ అంటే సాలెగూడు. దానికి నడుమ ఒక చోటు ఉంటుంది, పోగులు అక్కడికి చేరతాయి. మన ‘జాలం’ అంటే వల. మొన్న కళింగపట్నంలో వల బాగుచేసుకుంటున్న ఒకాయన పక్కన గంటసేపు కూర్చున్నాను. దీనికి నడుమ ఎక్కడండీ అని అడిగితే, వల చేతిలోకి తీసుకుని అటూ ఇటూ చూసి, ‘నడుమేటి, అన్నీ కళ్లే గదా’ అన్నారు. కళ్లంటే వలలో గళ్లు. ప్రతి ముడీ పక్క ముడుల్ని పట్టుకుని ఉంటుంది. ఒక కన్ను తెగినా వల ఉంటుంది. ఇంత మంచి మాట చేతిలో ఉండగా ‘వికేంద్రీకృత’ ఎందుకు? ‘నడుమ లేని వల’ అంటే చాలదా?

పాలకొండ మాస్టారు:
బాగుంది గానీ తొందరపడకండి. 1964లో అమెరికాలోని ర్యాండ్ అనే పరిశోధన సంస్థలో పాల్ బారన్ అనే ఇంజనీరు, సమాచారం పంపే ఏర్పాట్లు ఎలా ఉండొచ్చో మూడు బొమ్మలు చూపించాడు. మొదటిదాంట్లో అన్ని దారాలూ ఒకే చుక్కకి కట్టి ఉంటాయి. రెండోదాంట్లో చిన్న చిన్న కేంద్రాలు, వాటిని కలిపే దారాలు. మూడోది అచ్చం మీ చేపల వల. ఆయన ‘డీసెంట్రలైజ్డ్’ అన్నది రెండోదాన్ని. వలని ‘డిస్ట్రిబ్యూటెడ్’ అన్నాడు. 2016లో వచ్చిన మాస్టొడాన్ లాంటి సోషల్ మీడియా వేదికలు రెండో బొమ్మకి దగ్గర. ఎవరి సర్వరు (ఖాతాలు ఉండే కంప్యూటరు) వాళ్లు నడుపుకుంటారు, ఒక సర్వరులో ఉన్నవాళ్లు ఇంకో సర్వరులో ఉన్నవాళ్లతో మాట్లాడుకుంటారు. ఈమెయిల్ ఎప్పట్నుంచో నడుస్తున్నది ఈ పద్ధతిలోనే. అయితే సర్వరు నడిపే మనిషి దాన్ని మూసేస్తే అందులోవాళ్లకి మీకు వచ్చిన కష్టమే వస్తుంది. కాబట్టి రెండోదానికి వికేంద్రీకరణ ఉంచండి, మూడోదానికి వల వాడండి.

ఇంకొకటి. ‘కేంద్రం’ గ్రీకు నుంచి జ్యోతిషం వెంట సంస్కృతంలోకి వచ్చిన మాట. అక్కడ కెంట్రాన్ అంటే ఎద్దుల్ని పొడిచే ముల్లుగర్ర మొన. వృత్తం గీసేటప్పుడు గుచ్చే మొనకీ అదే పేరు. ఇంగ్లీషు సెంటర్ కూడా అక్కడిదే. మన జాతకాల్లో కేంద్రాలు నాలుగు: 1, 4, 7, 10 స్థానాలు. కేంద్రం ఒక్కటే ఉండాలని ఆ మాటలో ఎక్కడా లేదు.

విజయనగరం సభ్యురాలు:
‘అంతర్జాలం’ సంగతి కూడా తేల్చండి మాస్టారూ. ఇంటర్నెట్టుకీ వెబ్‌కీ ఒకే మాట వాడేస్తున్నాం. కేబుళ్లూ కంప్యూటర్లూ కలిసింది ఇంటర్నెట్. దాని మీద లింకులతో అల్లుకున్న పేజీలు వెబ్. పాప దేని గురించి మాట్లాడుతోందో మొదటి వాక్యంలోనే చెప్పాలి.

భావనపాడు సభ్యుడు:
మాది వేట చేసుకునే కుటుంబం. వలకి నడుమ లేదన్నది నిజమే. కానీ పైన తాడు ఉంటుందండి, వల మొత్తం దానికే వేలాడుతుంది. ఆ తాడు ఎవరి చేతిలో ఉంటే వల వాళ్లది. వెబ్‌కి అలాంటి తాడు ఉందా?

శ్రీకాకుళం నుంచి మళ్లీ నేనే:
ఉంది తమ్ముడూ. నేను ఆలోచించని సంగతి పట్టుకున్నావు. ఆ తాడు సైట్ల పేర్లు. పేరు కొడితే ఆ సైటు ఏ కంప్యూటరులో ఉందో చెప్పే ఏర్పాటు మెట్లుమెట్లుగా ఉంటుంది. పైమెట్టు ఒక్కటే, దాన్ని రూట్ అంటారు. 1998లో ఏర్పడిన ఐకాన్ అనే సంస్థ దాని బాగోగులు చూస్తుంది. ఐపీఎఫ్ఎస్ లాంటి ఫైళ్లు పంచుకునే పద్ధతులు మాత్రం ఫైలు ఎక్కడ ఉందని అడగవు, అందులో ఏముందని అడుగుతాయి. లోపలి విషయం నుంచి లెక్కగట్టిన గుర్తే దాని చిరునామా. ఒక్క అక్షరం మారినా గుర్తు మారిపోతుంది. గుర్తు కలిస్తే ఎవరి దగ్గరున్న ప్రతి అయినా అదే ఫైలు. అయితే ఎవరో ఒకరు ప్రతి దాచి ఉంచాలి. ఎవరూ దాచకపోతే అదీ దొరకదు.

మాస్టారూ, మీ మాట ప్రకారం అమ్మాయి ‘వికేంద్రీకరణ’ ఉంచుకుంది, మూడో బొమ్మకి వల అని రాసుకుంది. పోయిన మాటల్లో గుర్తున్నంత మేర నేను మళ్లీ రాశాను. రాత్రికి ఆ ఫైలు పెడతాను, అందరూ తలా ఒక ప్రతి దాచుకోండి. తమ్ముడూ, ఆ పైతాడుని మీ వైపు ఏమంటారు? జాబితాలో చేరుస్తాను.