శాతం తక్కువున్న హైస్కూల్ వెనకబడినట్టేనా? టెక్సాస్ రిపోర్టులు చదవడం తెలిసినవాళ్లు చెప్పండి

కొత్తగా_టెక్సాస్
అబ్బాయి వచ్చే ఆగస్టులో తొమ్మిదో తరగతి. చూస్తున్న ఇళ్లు రెండు వేరువేరు పబ్లిక్ హైస్కూళ్ల జోన్లలో ఉన్నాయి. రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షల్లో, ఇంగ్లిష్ 2లో ‘మీట్స్’ (ఆ తరగతికి తగ్గ) స్థాయి అందుకున్నవాళ్లు మొదటి స్కూల్లో 73 శాతం, రెండో స్కూల్లో 64 శాతం. ఆర్థికంగా వెనకబడిన పిల్లలు మొదటిదాంట్లో 20 శాతం, రెండోదాంట్లో 60 శాతం. ఆల్జీబ్రా 1 ఫలితం రెండు చోట్లా ఆశించినంత లేదు. ఈ 9 పాయింట్ల తేడా పాఠం చెప్పడంలో ఉందా, పిల్లల ఇంటి పరిస్థితుల్లో ఉందా? ఎక్కడ చూస్తే తేలుతుంది?

గణాంకం
మొత్తం శాతం పట్టుకుని తేల్చకండి. టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ ఏటా ప్రతి స్కూల్‌కీ ఒక రిపోర్ట్ ఇస్తుంది, టీఏపీఆర్ అంటారు. అందులో స్టార్ ఫలితాల పట్టిక తెరిచి, ‘ఎకనామికల్లీ డిసడ్వాంటేజ్డ్’ కాలమ్‌లో ఇంగ్లిష్ 2 ‘మీట్స్’ అంకె రెండు స్కూళ్లకీ రాసుకోండి. మిగతా పిల్లల అంకె దొరక్కపోతే మీరే కట్టుకోవచ్చు.

లెక్క ఇలా. మొదటి స్కూల్లో ఆ కాలమ్‌లో 45 ఉందనుకోండి. 20 శాతం మంది కాబట్టి 0.20 × 45 = 9. మొత్తం 73లోంచి 9 తీస్తే 64, దాన్ని 0.80తో భాగిస్తే 80. అంటే మిగతా పిల్లల్లో 80 శాతం. రెండో స్కూల్లో ఆ కాలమ్‌లో 50 ఉందనుకోండి. 0.60 × 50 = 30, మొత్తం 64లోంచి తీస్తే 34, 0.40తో భాగిస్తే 85. చూశారా, రెండు రకాల పిల్లల్లోనూ రెండో స్కూలే 5 పాయింట్లు పైన ఉంది, మొత్తంలో మాత్రం 9 పాయింట్లు కింద. ఇవి నేను అనుకున్న అంకెలే. అసలువి వేసి చూస్తే మొదటి స్కూలే రెండింటిలోనూ పైన తేలొచ్చు, అప్పుడు తేడా చదువులోనే ఉన్నట్టు. స్కూల్ మొత్తంలో ఆర్థికంగా వెనకబడిన పిల్లల శాతమూ, పరీక్ష రాసినవాళ్లలో వాళ్ల శాతమూ ఒకటే కాకపోవచ్చు కాబట్టి ఒకటి రెండు పాయింట్ల తేడాని లెక్కలోకి తీసుకోకండి.

ఎంతమంది రాశారో కూడా చూడాలి. 30 మంది ఉన్న గుంపులో ఒక్క పిల్లాడు అటూఇటూ అయితే 3.3 పాయింట్లు మారతాయి. చిన్న గుంపులకి మూడేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టుకోండి. మరీ తక్కువ మంది ఉంటే అంకె బదులు నక్షత్రం గుర్తే (*) కనిపిస్తుంది, అది సున్నా కాదు.

సుద్దముక్క
ఆల్జీబ్రా 1 దగ్గర చాలామంది తల్లిదండ్రులు పొరబడతారు. లెక్కల్లో చురుకైన పిల్లలు ఆ కోర్సు ఎనిమిదో తరగతిలోనే పూర్తి చేస్తారు, వాళ్ల ఫలితం మిడిల్ స్కూల్ ఖాతాలోకి పోతుంది. హైస్కూల్లో ఆ పరీక్ష రాసేవాళ్లలో ఎక్కువమంది మిగిలినవాళ్లు, తప్పి మళ్లీ రాసేవాళ్లు. అందుకే మంచి స్కూల్లో కూడా ఆ అంకె బక్కగా ఉంటుంది. 2023లో వచ్చిన ఎస్‌బీ (సెనేట్ బిల్) 2124 అనే రాష్ట్ర చట్టం ప్రకారం ఐదో తరగతి లెక్కల్లో పై 40 శాతంలో ఉన్న పిల్లల్ని ఆరో తరగతిలో అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో ఎవరూ అడక్కుండానే స్కూళ్లే చేర్చుకోవాలి. కాబట్టి ఆల్జీబ్రా ముందే పూర్తి చేసేవాళ్లు ఇంకా పెరుగుతారు. ఇంగ్లిష్ 2, బయాలజీ, యూఎస్ హిస్టరీ పోల్చడమే న్యాయం.

ఇంకో మాట. ‘అప్రోచెస్’ అంటే పాస్ మాత్రమే. ఆ తరగతికి తగ్గ స్థాయి ‘మీట్స్’, దానిపైన ‘మాస్టర్స్’. ఏ స్కూలైనా పెద్ద శాతం చూపిస్తే అది ఏ స్థాయిదో ముందు అడగండి.

తూకంరాయి
రాష్ట్రం ప్రతి స్కూల్‌కీ ‘ఏ’ నుంచి ‘ఎఫ్’ దాకా ఇచ్చే గ్రేడ్‌ని కూడా విడదీసి చూడాలి. స్టూడెంట్ అచీవ్‌మెంట్, స్కూల్ ప్రోగ్రెస్, ఈ రెండిట్లో ఏది మెరుగైతే దానికి 70 శాతం, క్లోజింగ్ ద గ్యాప్స్‌కి (వేరువేరు గుంపుల పిల్లల ఫలితాలకి) 30 శాతం. హైస్కూల్ అచీవ్‌మెంట్‌లో స్టార్ వాటా 40 శాతమే. కాలేజీ, ఉద్యోగాలకి సిద్ధమయ్యారా అనే సీసీఎంఆర్‌కి 40, గ్రాడ్యుయేషన్ రేటుకి 20. ఈ చివరి రెండూ ఏడాది వెనకటి బ్యాచ్‌వి. సీసీఎంఆర్‌లో ‘ఏ’ గ్రేడ్‌కి కావాల్సిన స్కోరు 2023లో 60 నుంచి 88కి పెంచారు. పాత గ్రేడ్‌నీ కొత్త గ్రేడ్‌నీ పక్కన పెట్టి ‘పడిపోయింది’ అనడం తప్పు.

మీ ప్రశ్నకి సూటిగా పనికొచ్చేది స్కూల్ ప్రోగ్రెస్‌లోని పార్ట్ బి, రిలేటివ్ పెర్ఫార్మెన్స్. పేద పిల్లల శాతం దాదాపు సమానంగా ఉన్న స్కూళ్లతోనే పోలుస్తుంది. అక్కడ రెండో స్కూల్‌కి ఏ, మొదటిదానికి సి వస్తే దాన్ని గట్టిగా పట్టించుకోవాలి.

‘ఆర్థికంగా వెనకబడిన’ అన్న ముద్రకీ హద్దులున్నాయి. అది ఎక్కువగా స్కూల్ భోజనం అర్హతని బట్టి పడుతుంది. కుటుంబ ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకి 130 శాతం లోపుంటే ఉచిత భోజనం, 185 శాతం లోపుంటే తగ్గింపు ధర. 184 శాతం దగ్గర ఉన్న ఇల్లూ, ఏ ఆదాయమూ లేని ఇల్లూ ఒకే కాలమ్‌లో కూర్చుంటాయి.

కొత్తగా_టెక్సాస్
లెక్క వేశాను. రెండు గుంపుల్లోనూ తేడా 2 పాయింట్ల లోపే వచ్చింది. ఇంక దేన్ని చూసి ఎంచుకోవాలి?

సుద్దముక్క
క్లాస్ ర్యాంక్, అంటే బ్యాచ్‌లో మీ అబ్బాయి ఎన్నో స్థానంలో ఉండొచ్చో చూడండి. 1997 చట్టంతో పై 10 శాతంలో ఉన్నవాళ్లకి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం ఉంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ మాత్రం 2026 ఫాల్ నుంచి దాన్ని పై 5 శాతానికి తగ్గించింది. 600 మంది బ్యాచ్‌లో అంటే 30 మందే. పోటీ గట్టిగా ఉన్న స్కూల్లో ఎనిమిది ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) కోర్సులు చేసినా ఆ 30లో పడకపోవచ్చు. కౌన్సెలర్‌ని రెండు అడగండి: ర్యాంక్ కట్టేటప్పుడు ఏ కోర్సుకి ఎంత వెయిటేజ్, మిడిల్ స్కూల్లో చేసిన హైస్కూల్ క్రెడిట్లు అందులో కలుస్తాయా. ఈ రెండోది స్కూల్ డిస్ట్రిక్ట్‌కో తీరు.

గణాంకం
ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) లాంటి ప్రత్యేక ప్రోగ్రామ్‌కి బయటి జోన్ల పిల్లల్ని చేర్చుకునే స్కూలా అని కూడా కనుక్కోండి. అలాగైతే సగటు పైకి లేచేది వాళ్ల వల్ల, జోన్‌లో ఇల్లు కొన్నంత మాత్రాన మీ అబ్బాయికి ఆ సీటు రాదు. అడ్వాన్స్ ఇచ్చేముందు ఇంటి అడ్రస్‌ని స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ల సొంత జోన్ పేజీలో కొట్టి చూడండి. ఇళ్ల వెబ్‌సైట్లలో పాత హద్దులు ఉండిపోతుంటాయి.