ఐడీపీఏ క్లాసిఫయర్: పాత షీట్లను కొత్త లెక్కలోకి ఎలా మార్చాలి?

అమెరికాలోని ఐడీపీఏ పిస్టల్ షూటింగ్ పోటీల్లో 2017 నుంచి ఒక్కో పాయింట్ డౌన్‌కు (గురి తప్పి పోయిన పాయింటుకు) కాల్చిన సమయానికి అర సెకను బదులు పూర్తి సెకను కలుపుతున్నారు కదా. షూటర్ ఏ స్థాయో తేల్చే పాత 90 రౌండ్ల (గుళ్ల) పరీక్ష, అంటే క్లాసిఫయర్, షీట్లను ఈ లెక్కలో చూస్తే చిక్కొస్తోంది. ఒకరు 100 సెకన్లలో ముగించి 40 పాయింట్లు పోగొట్టుకున్నారనుకోండి, ఇంకొకరు 115 సెకన్లలో 10. పాత పద్ధతిలో ఇద్దరిదీ 120. ఇప్పుడు 140, 125. టైమర్ సమయం, పాయింట్లు విడివిడిగా రాసి ఉంటే ఇబ్బంది లేదు. మొత్తం ఒక్కటే రాసిన షీటును విడదీయలేం. అందరికీ సగటున ఇన్ని సెకన్లని కలిపితే, గురి వదిలేసి వేగంగా కాల్చేవాళ్లకే లాభం, అది న్యాయం కాదు.

అలాంటి షీట్లు పక్కన పెట్టి 25 రౌండ్ల చిన్న క్లాసిఫయర్ ఫైవ్ బై ఫైవ్‌ను మళ్లీ కాల్పించడమే మేలంటారా?

ఇంకోటి. ఫైవ్ బై ఫైవ్ నాలుగో స్ట్రింగ్‌లో (కాల్పుల విడతలో) టార్గెట్ ఒంటికి నాలుగు గుళ్లు, తలకు ఒకటి. టార్గెట్‌కే తగలకపోతే పాత లెక్కలో రెండున్నర సెకన్లు, ఇప్పుడు 5. షార్ప్‌షూటర్ స్థాయి అంచున ఉన్నవాళ్లను నాలుగో గుండుకూ ఐదోదానికీ మధ్య ఎంత ఆగమంటున్నారు? మీ స్ప్లిట్ టైములు (గుండుకూ గుండుకూ మధ్య సమయం), ఏ డివిజనో (తుపాకీ రకాన్ని బట్టి ఉండే విభాగం) కూడా రాయండి.