డిఫెండర్ ‘ఏమీ లేదు’ అంటోంది, మాల్వేర్ నిజంగా పోయినట్టేనా?

పర్లాకిమిడి_డెస్క్‌టాప్:
ఇంట్లో విండోస్ 11 డెస్క్‌టాప్. ఒడియా, తెలుగు టైపింగుకని ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోంచి క్రాక్ చేసిన ఫాంట్ల సాఫ్ట్‌వేర్ ఎక్కించారు మావాళ్లు. ఆ సాఫ్ట్‌వేర్ డిఫెండర్‌ని (విండోస్‌తో వచ్చే యాంటీవైరస్) ఆపమని అడిగితే ఆపేశారు కూడా. మళ్లీ ఆన్ చేశాక డిఫెండర్ ఒక ట్రోజన్ (మంచి సాఫ్ట్‌వేర్ వేషంలో వచ్చే మాల్వేర్) తీసేసింది, ఫుల్ స్కాన్ శుభ్రంగానే వచ్చింది. కానీ క్రోమ్‌లో ఏది వెతికినా వేరే పేజీకి పోతోంది. మెనూ అడుగున ‘మీ సంస్థ నిర్వహిస్తోంది’ అని కనిపిస్తోంది. బ్యాంకు, జీమెయిల్ ఇందులోనే. ఫార్మాట్ కొట్టాలా?

రాయగడ_రిపేర్లు:
ముందు నెట్ తీసెయ్యండి. పాస్‌వర్డులు ఫోన్లోంచి మార్చండి, ఆ పీసీలోంచి కాదు. ట్రోజన్లు పాస్‌వర్డులతోపాటు బ్రౌజర్ కుకీలు (మీరు లాగిన్ అయి ఉన్నారని సైటు గుర్తుపెట్టుకునే ఫైళ్లు) కూడా ఎత్తుకుపోతాయి. కుకీ ఉంటే ఓటీపీ అడక్కుండానే లోపలికి వచ్చేస్తారు. అందుకే గూగుల్ ఖాతాలో ‘యువర్ డివైసెస్’ తెరిచి అన్నిటినీ సైన్ అవుట్ చెయ్యండి. రికవరీ నంబరు, జీమెయిల్ ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ ఎవరైనా మార్చారేమో చూడండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం లేకుండా 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫోన్.

ఇక పీసీ. విండోస్ సెక్యూరిటీలో ‘ఎక్స్‌క్లూజన్స్’ (స్కాన్ చెయ్యకుండా వదిలేసే చోట్ల జాబితా) చూడండి. అక్కడ సి డ్రైవ్ మొత్తమో, మీరు పెట్టని ఫోల్డరో ఉంటే మీ ఫుల్ స్కాన్‌కి విలువ లేదు, అసలు చోటు వదిలేసి వెతికింది. తీసేసి ‘డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్’ పెట్టండి. విండోస్ లేవకముందే వెతుకుతుంది, సుమారు 15 నిమిషాలు. తర్వాత మైక్రోసాఫ్ట్ వారి ఆటోరన్స్‌లో (పీసీ లేవగానే తమంతట తామే నడిచేవాటిని చూపే టూల్) మైక్రోసాఫ్ట్ ఎంట్రీలు దాచి, మిగిలినవాటిని వైరస్‌టోటల్‌తో (ఫైలుని చాలా యాంటీవైరస్‌లతో పరీక్షించే సైటు) సరిపోల్చండి. టాస్క్ షెడ్యూలర్ (వేళకి ప్రోగ్రాములు నడిపేది), ప్రాక్సీ సెట్టింగ్ (నెట్‌ని వేరే సర్వర్ మీదుగా మళ్లించేది) మరవొద్దు. ఆ ‘సంస్థ’ సంగతి రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచే చోటు) గూగుల్ పాలసీల కింద ఉంటుంది. కొన్ని మంచి యాంటీవైరస్‌లు కూడా అలా పెడతాయి, చూసి తియ్యండి.

సిరొంచ_నెట్‌వర్క్:
పైవన్నీ సరే అన్నా, కానీ ఈ కేసులో నేనైతే ఫార్మాటే అంటాను. డిఫెండర్ ఆపి అడ్మిన్‌గా (పూర్తి అనుమతులతో) నడిపిన ఫైలు ఇంకేం దించిందో ఏ స్కానూ ఖాయంగా చెప్పలేదు. వేరే మంచి పీసీలో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోండి. జిరాక్స్ షాపు సిస్టంలో మాత్రం వద్దు, రోజూ పదిమంది పెన్‌డ్రైవ్‌లు గుచ్చే చోటు అది. సెటప్‌లో పార్టిషన్లు (డిస్కులోని భాగాలు) డిలీట్ చేసి విండోస్ కొత్తగా వెయ్యండి. విండోస్ ఇదివరకే అసలు లైసెన్సుతో యాక్టివేట్ అయి ఉంటే, అదే ఎడిషన్ వేశాక నెట్ తగలగానే దానంతటదే అవుతుంది. కరెంటు పోయే వేళ మొదలుపెట్టకండి.

పర్లాకిమిడి_డెస్క్‌టాప్:
డి డ్రైవ్‌లో ఫొటోలున్నాయండీ. అది ఉంచెయ్యొచ్చా?

సిరొంచ_నెట్‌వర్క్:
చాలా ఇళ్లలో డి కూడా అదే డిస్కులోని ఒక పార్టిషన్. అన్నీ డిలీట్ చేస్తే ఫొటోలూ పోతాయి. ముందే బయటి హార్డ్‌డిస్కులోకి తీసుకోండి: ఫొటోలు, వీడియోలు, పీడీఎఫ్‌లు చాలు. సెటప్ ఫైళ్లు, షార్ట్‌కట్‌లు, క్రాక్ ఫోల్డర్లు వద్దు. ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ ఆన్ చేసి చూడండి, ఫొటో వేషంలో ఉన్న ఈఎక్స్ఈలు (నొక్కితే నడిచే ప్రోగ్రాం ఫైళ్లు) అప్పుడే బయటపడతాయి.

రాయగడ_రిపేర్లు:
ఫార్మాట్ అయ్యాక క్రోమ్ సింక్ (గూగుల్ ఖాతాలోంచి పాత సెట్టింగులు, ఎక్స్‌టెన్షన్లు తిరిగి తెచ్చేది) వెంటనే ఆన్ చెయ్యకండి, పాత చెడు ఎక్స్‌టెన్షన్ సింక్‌తోనే తిరిగొస్తుంది. ముందు సింక్ డేటా చెరిపెయ్యండి. ఆ ఫాంట్ల పెన్‌డ్రైవ్ ఇచ్చినాయనకీ చెప్పండి, అదింకా ఎన్ని ఇళ్లు తిరుగుతోందో ఏటో.