గ్యాస్ బండకి యాభై ఎక్కువ అడిగితే నోరు విప్పాలా, ఇచ్చేసి ఊరుకోవాలా?

పద్మ_రాజమండ్రి: బిల్లు కంటే యాభై ఎక్కువ అడిగాడు బండ తెచ్చిన అబ్బాయి. ఇవ్వనన్నాను. మొహం మాడ్చుకుని వెళ్లాడు. ఇంట్లో అందరూ నన్నే తప్పుపట్టారు, యాభైకి రభస ఎందుకని. ఏపీ ప్రభుత్వ ఉచిత గ్యాస్ పథకం దీపం-2 కింద బండ డబ్బు ఖాతాలో వెనక్కి పడింది. ఈ యాభై ఎవరిస్తారు? మీరైతే ఏం చేస్తారు?

శేషు_మాస్టారు: మంచి పని చేశావమ్మా. డెలివరీ ఖర్చు బిల్లులోనే ఉంటుంది. గోడౌన్‌కి వెళ్లి మనమే తెచ్చుకుంటే అది తగ్గించి ఇవ్వాలి కూడా. నేను తూకం కూడా వేయిస్తాను. బండ మీద రాసిన ఖాళీ బరువుకి 14.2 కిలోలు కలిపి సరిచూసుకోవాలి. అడగడం మానేస్తే అదే మామూలైపోతుంది.

నరేష్_నల్గొండ: నిండు బండ దగ్గర దగ్గర 30 కిలోలు. మూడో అంతస్తుకి భుజాన మోసుకొస్తడు సార్.

శేషు_మాస్టారు: బిల్లులో అంతస్తుల లెక్క లేదు.

పద్మ_రాజమండ్రి: మాది కింది ఇల్లే.

నరేష్_నల్గొండ: అందరిదీ కింది ఇల్లు కాదు కదక్కా.

బుజ్జి99: ఇచ్చేయండి, వదిలేయండి.

ఉష_ఒంగోలు: నేనూ ఒకసారి ఇవ్వనన్నాను. తర్వాత బుక్ చేస్తే ఇంటికి తాళం ఉందని రాసి క్యాన్సిల్ చేశారు. నేను ఇంట్లోనే ఉన్నాను. పాలు కాచుకోవడానికి పక్కింటికి పోవాల్సొచ్చింది.

శేషు_మాస్టారు: వెంటనే గ్యాస్ కంపెనీల ఫిర్యాదు నంబరు 1800 2333 555కి ఫోన్ చేయాల్సింది. లేదా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. మీరు భయపడబట్టే వాళ్లు ఎక్కేస్తున్నారు.

ఉష_ఒంగోలు: భయమా? మీ ఇంట్లో బండ దింపించుకునేది మీరా, మీ ఆవిడా? ఆ అబ్బాయి దగ్గర నా ఫోన్ నంబరుంది. పగలంతా నేను ఒక్కదాన్నే ఉంటానని తెలుసు. ఫిర్యాదు చేశాక మళ్లీ వచ్చేది అతనే. తలుపు తీయాల్సింది నేనే. ధైర్యం గురించి నాకు పాఠాలు చెప్పకండి.

శేషు_మాస్టారు: మా ఇంటి సంగతి ఎందుకమ్మా ఇక్కడ? నేను న్యాయం మాట్లాడుతున్నాను.

గ్యాస్_ఆటో_ఇంటావిడ: ఇన్నాళ్లూ చదివి ఊరుకున్నాను. మా ఆయన చేసేది ఇదే పని. నెల జీతం లేదు, బండకింత అని ఇస్తారు. ఆటో డీజిల్ అందులోనే. అందరి కోపం మా ఆయన మీదే. డెలివరీ డబ్బు బిల్లులో తీసుకుంటున్న ఏజెన్సీ ఓనర్ని, మోసేవాడికి ఎంత ఇస్తున్నావని మీలో ఒక్కరైనా అడిగారా? ఇంటావిడ ఒంటరిగా ఉందని బెదిరిస్తే మాత్రం తప్పే. ఉష గారూ, దాన్ని నేను సమర్థించను.

శేషు_మాస్టారు: అడుగుతాను. మీ ఆయన నాతో వచ్చి ఆ మాట చెప్తారా?

గ్యాస్_ఆటో_ఇంటావిడ: చెప్తే మర్నాటి నుంచి పని ఉండదు.

నరేష్_నల్గొండ: నేను మొదట్నుంచీ మొత్తుకునేది ఇదే.

పద్మ_రాజమండ్రి: ఇక నుంచి కూడా యాభై ఇవ్వను. కానీ అబ్బాయితో గొడవ పడను. సోమవారం మా వీధిలో ఇద్దరిని వెంటబెట్టుకుని ఏజెన్సీకే వెళ్తాను. అబ్బాయి పేరు చెప్పను. బిల్లు మీద పైసా ఎక్కువ ఇవ్వక్కర్లేదని బోర్డు పెట్టమంటాను, మోసేవాళ్లకి బండకి ఎంతిస్తున్నారో కూడా అడుగుతాను.

శేషు_మాస్టారు: పేరు లేకుండా ఫిర్యాదు నిలవదమ్మా.

ఉష_ఒంగోలు: పేరు రాస్తే మళ్లీ నా గుమ్మంలోకే వస్తాడు, మాస్టారూ. పద్మ గారూ, మీ వీధిలో నేనుంటే మీతో వచ్చేదాన్ని.