ఖరీదైన తూటాలే ఎక్కువగా చెదురుతున్నాయి, కారణం ఏమిటి?

ప్రశ్న (హనుమకొండ): మా అబ్బాయి పాయింట్ టూటూ (.22 అంగుళాల) రైఫిల్‌తో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) సాధన చేస్తున్నాడు. మొన్న గచ్చిబౌలి రేంజ్‌లో రెండు రకాల తూటాలు కాల్పిస్తే, చవకవాటి రంధ్రాలు ఒకేచోట గుమిగూడాయి, ఖరీదైనవి చెదిరిపోయాయి. లోపం రైఫిల్‌దా, తూటాదా, పిల్లవాడి చేతిదా అన్నది తేల్చుకునే పద్ధతి తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (కరీంనగర్): ధరను బట్టి గురి కుదరదండి. ఏ బ్యారెల్‌కు (తుపాకీ గొట్టానికి) ఏ తూటా నప్పుతుందో కాల్చి చూస్తే తప్ప తెలియదు. ఒకే కంపెనీ సరుకైనా లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నంబరు మారితే ఫలితం మారవచ్చు. అందుకే పెద్ద పోటీలకు వెళ్లేవారు రైఫిల్‌ను బిగింపులో పెట్టి లాట్లను పరీక్షించి, నప్పిన లాట్‌నే నిల్వ చేసుకుంటారు. బిగింపు దొరకకపోతే ఇసుక సంచులపై ఆనించి, ఒక్కో రకంతో పదేసి తూటాల గ్రూపులు కొన్ని కాల్పించి, ప్రతి గ్రూపులో అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరం కొలవండి. లక్ష్యం మధ్యలో ఉండే పది పాయింట్ల రింగు వ్యాసం 10.4 మిల్లీమీటర్లే కనుక చిన్న తేడా కూడా లెక్కకొస్తుంది. ఐదు తూటాల గ్రూపు ఒక్కటి చూసి తీర్పు చెప్పేవారిని మాత్రం నేను నమ్మను.

జవాబు (వరంగల్): తూటా రకం మార్చగానే కొలవకండి. పాత తూటాల మైనం, గ్రీజు బ్యారెల్‌లో మిగిలి ఉంటాయి కాబట్టి మొదటి కొన్నింటిని లెక్కలోంచి తీసేయాలి. అన్నట్టు, ఖరీదైనవి హై వెలాసిటీవేమో పెట్టె మీద చూడండి; గురి పోటీలకు ధ్వని వేగం దాటని స్టాండర్డ్ రకాన్నే వాడతారు.

ప్రశ్న అడిగినవారు: చూశానండి, హై వెలాసిటీవే.